ఆకాశరామన్నకు ఆధార్ కార్డు

సోషల్ మీడియాలో ఓ పెద్ద రచ్చ జరిగిందంటే చాలు, ఆ సాయంత్రం టీవీ చర్చలో ఓ పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని దేశానికి మందుచీటీ రాసిచ్చేస్తారు: “ప్రతి అకౌంటునీ ఆధార్‌తో లింక్ చేసెయ్యాలండీ. ముసుగు పీకేస్తే అందరూ దారికొస్తారు.” యాంకరు తలూపుతుంది. అధికార పక్షం తలూపుతుంది. అప్పటిదాకా అన్నిటికీ అడ్డం తిరిగిన ప్రతిపక్షం కూడా తలూపుతుంది. రేషన్ బియ్యానికి ఆధార్ కావాలి, తిరుమల దర్శనానికి ఆధార్ కావాలి, మరి బూతులు తిట్టడానికి మాత్రం ఏ కార్డూ అక్కర్లేకపోవడం అన్యాయమే కదా.

ఆ పెద్దమనిషి గాలిస్తున్న దొంగ మనకు కొత్తవాడేం కాదు. ఆకాశరామన్న. తాతల కాలం నుంచీ మన పోస్టాఫీసుల ఆస్థాన రచయిత. దస్తూరీ దొరక్కుండా ఎడమ చేత్తో రాస్తాడు. ముద్ర దొరక్కుండా పక్కూరి పోస్టు డబ్బాలో వేస్తాడు. “ఇట్లు, మీ శ్రేయోభిలాషి” అని ముగిస్తాడు. ఈ ఒక్క పేరు కింద ఇద్దరు మనుషులున్నారు. ఒకడు తాసిల్దారు లంచాల మీద కలెక్టరుకి అర్జీ పెట్టేవాడు. సంతకం చేస్తే ఈ జన్మలో పాసుపుస్తకం చేతికి రాదని తెలిసినవాడు. రెండోవాడు పెళ్లి కుదిరిన పిల్ల గురించి మగపెళ్లివారికి రాసేవాడు. మొదటివాడు భయంతో పేరు దాచాడు, రెండోవాడు సిగ్గుతో దాచాడు. ఆ సిగ్గుని తక్కువ చెయ్యకండి. చేసేది పాడుపని అని తెలుసు గనకే పాపం పక్కూరి దాకా నడిచాడు.

ఇప్పుడు అంత దూరం ఎవరు నడుస్తున్నారు? ఏ హీరోయిన్ ఫొటో కిందికైనా వెళ్లి కామెంట్లు చూడండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. కింద చదివిన కాలేజీ, చేస్తున్న కంపెనీ, సొంత ఊరు. కవర్ ఫొటోలో ఏడుకొండలు. డీపీలో భుజమ్మీద కూతుర్ని ఎక్కించుకుని నవ్వుతున్న నాన్న. “లవింగ్ డాడ్, సింపుల్ పర్సన్” అని స్వీయ పరిచయం. ఆ సింపుల్ పర్సన్ రాసిన కామెంటు ఇక్కడ అచ్చేస్తే ఈ పత్రికని మీరు ఇంట్లోకి తీసుకెళ్లలేరు. అతనికి ఆధార్ అడిగితే సిగ్గుపడతాడనుకుంటున్నారా? రెండు వైపులా ఫొటో తీసి, కార్డు కూడా కామెంటు కిందే పెడతాడు.

2024 జులైలో ఓ తెలుగు యూట్యూబరు, ఒక తండ్రీ పసి కూతురూ ఉన్న వీడియో పెట్టుకుని, స్నేహితుల్ని లైవ్‌లో కూర్చోబెట్టుకుని, నోటితో పలకలేని జోకులు వేశాడు. స్నేహితులు పడీ పడీ నవ్వారు. నటుడు సాయి ధరమ్ తేజ్ బయటపెట్టి నిలదీసేదాకా అది కామెడీగానే చలామణీ అయింది. తర్వాత తెలంగాణ పోలీసులు అతన్ని బెంగళూరులో పట్టుకుని పోక్సో కింద కేసు పెట్టారు. ఇందులో ముసుగెక్కడ ఉంది? సొంత పేరు, సొంత మొహం, సొంత చానెలు. మైకు, లైటు, వెనకాల అలంకరణ. పక్కూరి డబ్బా దాకా నడవాల్సిన పనిని ఇంట్లో కుర్చీలో కూర్చుని, సబ్‌స్క్రైబ్ చేయమని అడిగి మరీ చేశాడు. సిగ్గు లేనివాడికి ముసుగెందుకు?

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 2018 మేలో తెలుగు రాష్ట్రాల్లో ‘పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయి’ అని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. ఊళ్లల్లో రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలాలు కాశారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. ఆ మెసేజీలు ఎవరి దగ్గర నుంచి వచ్చాయి? ఫోనులో పేరు లేని నంబరు నుంచి వస్తే ఎవరూ నమ్మరు. మేనమామ పంపాడు, స్కూలు సారు పంపాడు, డ్వాక్రా గ్రూపు అక్క పంపింది. పేరూ ఊరూ తెలిసినవాళ్లు పంపారు గనకే జనం కర్రలు తీశారు. అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులకు పాటలు నేర్పించి, ఊరూరా తిప్పి, “వచ్చిన ప్రతిదీ పంపకండి బాబూ” అని డప్పు కొట్టించి చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. మన బంధుప్రేమను కొలిచి, అయిదు చాలని తేల్చింది.

ముసుగు లేనివాళ్ల ప్రతిభ చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరవండి చాలు. వినాయక చవితి చందాల లెక్క ఇంకా తేలలేదు గానీ, లిఫ్టులో కెమెరా మాత్రం వచ్చేసింది. ఉదయం ఏడుంపావుకి అసోసియేషన్ ప్రెసిడెంటు గారి మెసేజీ: “డియర్ రెసిడెంట్స్, నిన్న రాత్రి 12.40కి థర్డ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్న అమ్మాయి, వెంట ఓ అబ్బాయి. క్లిప్ జత చేశాను. ఎవరినీ ఉద్దేశించి కాదు. జస్ట్ ఫర్ ఇన్ఫర్మేషన్.” దాని కింద నాలుగు దండాలు. “వాచ్‌మన్ ఏం చేస్తున్నట్టు?” అని ఒకరు. “మా ఇంట్లో ఎదిగే పిల్లలున్నారండీ” అని ఇంకొకరు. ఇవేవీ చదవని ఓ పుణ్యాత్ముడు సాయిబాబా ఫొటోతో “శుభోదయం”. తొమ్మిదింటికల్లా ఆ అమ్మాయికి ఇంటి ఓనరు నుంచి ఫోను. ఇంతకీ ఆ అబ్బాయి ఎవరంటారా? చెప్పను. తమ్ముడని చెబితే ఆమెను క్షమించేస్తారు, కాదని చెబితే క్లిప్ ఇంకోసారి చూస్తారు. రెండూ మీకు సంబంధం లేని పనులే.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ సాయంత్రమే ట్రెజరరు మెయింటెనెన్స్ బకాయిల జాబితా గ్రూపులో పెట్టాడు. మొదటి వరసలోనే ప్రెసిడెంటు గారి ఫ్లాటు, ఏడు నెలల బాకీ. నిమిషం తిరక్కుండా ఆయన గర్జించారు: “ఇది నా ప్రైవసీకి భంగం. లీగల్‌గా ప్రొసీడ్ అవుతాను.” ఆయన్ని వేళాకోళం చేయకండి. మన జాతి మొత్తానికి గోప్యత మీద ఉన్న సిద్ధాంతాన్ని ఆయన ఒక్క రోజులో, ఉదయం ఒక సగం, సాయంత్రం ఒక సగంగా చెప్పేశారు. నా బాకీ నా సొంతం. నీ బతుకు అందరి సమాచారార్థం.

ఈ సిద్ధాంతానికి ఒక పవిత్ర గ్రంథం కూడా ఉంది. పదేళ్లకు పైగా ఫేస్‌బుక్‌లో తిరుగుతూనే ఉంది: ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, నా ఫొటోలు గానీ రాతలు గానీ వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కు అనుమతి లేదు, కాపీ చేసి పేస్ట్ చేయండి, షేర్ కొట్టొద్దు. దాని ఇంగ్లిషు ప్రతిలో రోమ్ శాసనం ప్రస్తావన కూడా ఉంటుంది. రోమ్ శాసనం అంటే 1998లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును పుట్టించిన ఒప్పందం. జాతి విధ్వంసాలనూ యుద్ధ నేరాలనూ విచారించే కోర్టు అది. కొత్త ఓణీల ఫంక్షన్ ఫొటోల కోసం మనవాళ్లు దాని తలుపు తడుతున్నారు. ఈ ప్రకటన అంటించిన పెద్దాయన గోడ మీద ఇంకా ఏమేమున్నాయో కిందికి జరిపి చూడండి. కూతురి హాల్ టికెట్, నంబరుతో సహా. కొడుకు అమెరికా వీసా స్టాంపు. సకుటుంబంగా ఊరెళ్తున్న రోజు బోర్డింగ్ పాసు, అంటే ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు శుభలేఖ. చివరగా, ఐసీయూలో ఆక్సిజన్ మాస్కుతో, జుట్టు రేగి, కళ్లు మూసుకుని ఉన్న తల్లి ఫొటో. “అమ్మ కోసం ప్రార్థించండి.” జీవితమంతా కొంగు సర్దుకోకుండా వీధి గుమ్మంలోకి రాని మనిషి ఆమె. జుకర్‌బర్గ్‌కు లేని అనుమతి కొడుక్కి ఎవరిచ్చారో రోమ్ శాసనం చెప్పదు.

ఈ హక్కు కోసం నిజంగా కష్టపడిన పెద్దాయన ఒకరున్నారు. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 80 దాటిన వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం 1954 నాటి తీర్పునీ, 1962 నాటి తీర్పునీ దుమ్ము దులిపి తెచ్చి వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కే అన్నారు. అంతకుముందే మన గడ్డ మీద పుట్టిన కేసు కూడా ఒకటుంది. కలెక్టరు పంపిన మనిషి ఎవరైనా సరే ప్రైవేటు సంస్థల్లోకి వెళ్లి కాగితాలు తనిఖీ చేయొచ్చని ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టాన్ని సవరించుకుంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004లో కోర్టు ఆ సవరణను కొట్టేస్తూ తేల్చిన సంగతి ఒకటే: గోప్యత మనిషిది, చోటుది కాదు. మీ కాగితం బ్యాంకులో ఉన్నంత మాత్రాన బ్యాంకుదైపోదు.

ఈ ఒక్క ముక్కని లిఫ్టులో అద్దం పక్కన అంటించాలి. ఎందుకంటే మన దగ్గర కెమెరా పట్టుకున్న ప్రతివాడి నోటా ఒకటే జవాబు: “పబ్లిక్ ప్లేసే కదా!” రోడ్డు మీద యాక్సిడెంట్ అయి పడున్నవాడు పబ్లిక్ ప్లేస్‌లో ఉన్నాడు, తియ్. శ్మశానంలో సెలబ్రిటీ కొడుకు కొరివి పెడుతున్నాడు, తియ్. గుళ్లో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, తియ్. “ఏం జరిగిందో తెలిస్తే షాక్” అని థంబ్‌నెయిల్ వెయ్. కొడుకు శవం ఇంకా ఇంటికి రాని తల్లి నోటి దగ్గర మైకు పెట్టి “ఎలా ఫీలవుతున్నారమ్మా?” అని అడుగు. ఆ మైకు మీద చానెలు పేరుంది, పట్టుకున్న కుర్రాడి మెడలో ఐడీ కార్డుంది. కార్డు మెడలో ఉంటే మనిషి మారతాడన్న సిద్ధాంతం అక్కడే, ఆ తల్లి ముందే, కూలిపోయింది.

ఇక పిల్లలు. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చేసింది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. తప్పు చేసిన సంస్థలకు జరిమానా రూ.250 కోట్ల దాకా. 18 ఏళ్లు నిండని పిల్లల సమాచారం ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజమైన అనుమతేనని రుజువు చేసుకోవాలి. చాలా మంచి ఏర్పాటు. కాకపోతే సొంత పనికీ ఇంటి పనికీ వాడుకునే మనుషులకు ఈ చట్టం వర్తించదు. అంటే కంపెనీ వచ్చి అమ్మానాన్నల్ని అడగాలి. అమ్మానాన్నలు మాత్రం ఎవర్నీ అడగనక్కర్లేదు. అందుకే మూడేళ్ల బుడ్డోడు పాటీ సీటు మీద కూర్చుని ఏడుస్తుంటే “మా చిన్నోడి కష్టాలు” అని రీలు. ఎనిమిదో తరగతి పిల్లకి లెక్కల్లో తక్కువొస్తే ఆ ప్రోగ్రెస్ కార్డు పట్టించి, ప్రాంకు చేసి, పిల్ల వెక్కి వెక్కి ఏడ్చాక “జస్ట్ జోకింగ్ బంగారం” అని కెమెరా వంక కన్ను కొట్టే నాన్న. ఆ ఏడుపు కింద మూడు ప్రకటనలు, ఒక నూనె డబ్బా ప్రమోషన్. పూర్వం పిల్లల సంపాదన తల్లిదండ్రులు తింటే పనిలోకి పంపారనేవారు, పేరుతో సహా నలుగురూ ఉమ్మేసేవారు. ఇప్పుడు ఫాలో అవుతున్నాం.

ప్రేమకు హద్దుల్లేవు కదా, అభిమానం సంగతి చూద్దాం. 2023 నవంబరులో రష్మిక మందన్న మొహం అతికించిన ఓ డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు వచ్చి గుంటూరు జిల్లా కుర్రాణ్ని పట్టుకెళ్లారు. ఇంజినీరింగ్ చదివినవాడు. పోలీసులు చెప్పిన ప్రకారం, అతను ఆమె అభిమాని. ఆమె పేరుతో పేజీ నడుపుతున్నాడు, దానికి ఫాలోవర్లు పెరగాలని ఈ పని చేశాడు. ద్వేషించేవాడు కాదు, పూజించేవాడు! ఇంకో సంగతి గమనించారా? ఆ వీడియోలో మొహం రష్మికదైతే మిగతా మనిషి మరో యువతి, లండన్ వైపు భారత సంతతి అమ్మాయి. మొహం పోగొట్టుకున్నది ఆమె. మన ఆవేశంలో ఆమె వాటా ఎంత? సున్నా. ఆమెకు ఫ్యాన్స్ అసోసియేషన్ లేదు మరి. అన్నట్టు, ఆ కుర్రాడు పోస్టులు చెరిపేసినా దొరికాడు, ఏ అకౌంటుకీ ఆధార్ లింకు లేకుండానే దొరికాడు. పట్టుకోవాలన్న బుద్ధి పుడితే ఇప్పుడున్న దారులే చాలునన్నమాట. బాధితురాలు సినిమా నటి అయితే ఆ బుద్ధి త్వరగా పుడుతుంది.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఒక్కసారి నవ్వడం ఆపుదాం. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలికి జరిగిన ఘోరం మీకు గుర్తుంది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల దాకా జైలని 1983 నుంచీ చట్టం చెబుతోంది. చనిపోయినా సరే ఆ రక్షణ పోదని, సోషల్ మీడియాకూ అదే వర్తిస్తుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఏడాది తిరక్కుండానే మనం ఏం చేశాం? ఆమె పేరుకి ముందు ‘న్యాయం కావాలి’ అని తగిలించి, హ్యాష్‌ట్యాగ్ చేసి, దేశంలోనే మొదటి ట్రెండ్‌గా నిలబెట్టాం. ఆమె నవ్వుతున్న ఫొటోని డీపీలుగా పెట్టుకున్నాం. ఆమెను దిశ అని పిలవండి అంటూ సైబరాబాద్ పోలీసులు వేడుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఆ పేరు తెలియని ఫోను లేదు. ఇదంతా చేసింది ఆకాశరామన్నలు కాదు. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు, కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్లు, మంచివాళ్లు. చట్టం ఆమె కోసం దాచి ఉంచిన ఒకే ఒక్క వస్తువు పేరు. దాన్ని మన మంచితనం మిగలనివ్వలేదు.

పేరు అక్కర్లేనిచోట పేరు ఊరేగించే మనమే, పేరు దాచుకోవాల్సినవాళ్లు కనిపిస్తే మాత్రం న్యాయశాస్త్రం వల్లిస్తాం. 2018 అక్టోబరులో గాయని చిన్మయి, వేధింపులకు గురైన స్త్రీలు పంపిన అనుభవాల్ని వాళ్ల పేర్లు లేకుండా బయటపెట్టింది. వెంటనే వచ్చిన ప్రశ్న: “నిజమైతే పేరు చెప్పొచ్చుగా?” అడిగినవాడి డీపీలో పవన్ కల్యాణో, ప్రభాసో, గులాబీ పువ్వో. అకౌంటు పేరు ‘రౌడీ బాయ్’, వెనక నాలుగంకెలు. రౌడీ బాయ్‌కి ముసుగు హక్కు, బాధితురాలికి ముసుగు నేరం. పోనీ పేరుతో మాట్లాడిన చిన్మయికి ఏమైంది? నెల తిరిగేసరికి తమిళ డబ్బింగ్ సంఘంలో ఆమె సభ్యత్వం పోయింది. చందా కట్టకపోవడం వల్లేనని సంఘం సెలవిచ్చింది. పేరు చెబితే చందా గుర్తొస్తుంది, చెప్పకపోతే సాక్ష్యం గుర్తొస్తుంది.

మారు పేర్లు మనకు కొత్త కూడా కాదు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో ‘ఇల్లాలి ముచ్చట్లు’ చెప్పిన పురాణం సీత, చీర కట్టని పురాణం సుబ్రహ్మణ్య శర్మ. బీనాదేవి అంటే ఒకరు కాదు, భార్యాభర్తలిద్దరు. వీళ్లెవరి వల్లా తెలుగు దేశం మునిగిపోలేదు, నాలుగు మంచి పేజీలు మిగిలాయి. వారపత్రికల ప్రశ్నలూ జవాబుల శీర్షికలకి “దయచేసి నా పేరు వేయకండి” అని రాసిన ఇల్లాళ్లెందరో. మొగుడు కొడుతున్నాడని పేరు పెట్టి రాయమంటే ఆ ఉత్తరం పోస్టు డబ్బా దాకా వచ్చేదే కాదు. ఇవాళ ఆ ఇల్లాలి మనవరాలు ఎవరికీ తెలియని అకౌంటు నుంచి అదే ప్రశ్న అడుగుతోంది. కులం బయటపడితే అద్దె ఇల్లు పోయేవాడు, మేనేజరు దొంగ బిల్లుల గురించి రాస్తే ఉద్యోగం పోయేవాడు, ప్రేమించినది ఎవర్నో ఇంట్లో తెలిస్తే ప్రాణమే పోయేవాడు, అందరూ ఆ చీకట్లోనే కాస్త గాలి పీల్చుకుంటున్నారు. ఆధార్ పెద్దమనిషి టార్చిలైటు వేస్తానంటున్నది వీళ్ల మొహాల మీద.

ఆ టార్చి ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూడాలి కదా. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరూ ఫోను నంబరుతో సహా ప్రభుత్వ వెబ్‌సైటులో దారినపోయేవాళ్లకు కూడా కనిపించింది. కొన్నవాటిలో మగాళ్లు చీటీ మడిచి గుసగుసగా అడిగే మాత్రలు కూడా ఉన్నాయి. పారదర్శక పాలన అంటే ఇంత పారదర్శకంగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతికారు. జనం సహకరిస్తున్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పడం లేదు అన్నారు అధికారులు. లాఠీ పట్టుకున్నవాడు ఫోను అడిగితే సహకరించక ఏం చేస్తారు? తెలంగాణలో 2024లో బయటపడిన ఫోన్ ట్యాపింగ్ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. గెలిచిన పార్టీ ఏదైనా పద్ధతి ఒక్కటే. మనవాడు పెట్టిన పోస్టు భావప్రకటనా స్వేచ్ఛ, అవతలివాడు పెట్టింది శాంతిభద్రతల సమస్య. ఎన్నికలైన మర్నాడు పోస్టులు అవే ఉంటాయి, సెక్షన్లు అవే ఉంటాయి, లోపలికి వెళ్లేవాళ్లు మాత్రం మారతారు.

“అయినా ఒకసారి ప్రయత్నిస్తే తప్పేముంది?” అంటారు పెద్దమనిషి. అకౌంట్లను ఆధార్‌తో లింక్ చేయమని మద్రాసు హైకోర్టులో 2018లోనే పిటిషన్లు పడ్డాయి. ప్రయత్నించి చూసిన దేశం కూడా ఉంది, దక్షిణ కొరియా. 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు ఇచ్చి తీరాలని నిబంధన పెట్టింది. 2011లో అక్కడి ఒక్క సంస్థ నుంచే మూడున్నర కోట్ల మంది ఖాతాల వివరాలు దొంగలు ఎత్తుకెళ్లారు. దేశ జనాభాయే సుమారు 5 కోట్లు! 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది. చెడ్డ రాతలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయనడానికి ఆధారం కూడా లేదంది. తిట్టేవాళ్లు తిడుతూనే ఉన్నారు, తాళాలు మాత్రం దొంగల చేతికి వెళ్లాయి.

కాబట్టి పెద్దమనిషీ, ఆకాశరామన్నని కాసేపు వదిలెయ్యండి. బెదిరించేవాడు, డబ్బు గుంజేవాడు, పిల్లల బొమ్మలతో వ్యాపారం చేసేవాడు ముసుగులో ఉంటే వెతికి పట్టుకోవడానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి, సెక్షన్లున్నాయి. వాటిని వాడండి, అందరికీ వాడండి, నటికైనా నర్సుకైనా ఒకే వేగంతో వాడండి. మీకు తీరిక ఉంటే ముందు అడ్రసు దొరికినవాళ్ల సంగతి చూడండి. లిఫ్టు క్లిప్ పెట్టిన ప్రెసిడెంటు గారి ఫ్లాటు నంబరు అందరికీ తెలుసు. ఐసీయూ ఫొటో పెట్టిన కొడుకు పేరు ఫొటో పైనే ఉంది. మైకు మీద చానెలు పేరుంది. ప్రోగ్రెస్ కార్డు రీలు కింద నాన్న గారి ఫోను నంబరే ఉంది, ప్రమోషన్ల కోసం సంప్రదించడానికి.

వీళ్లెవరికీ కార్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఫొటోలో ఉన్న మనిషిని ఒక్క మాట అడిగితే చాలు: “ఇది పెట్టొచ్చా?” లిఫ్టులో అమ్మాయిని అడగండి. లెక్కల్లో తక్కువొచ్చిన పిల్లని అడగండి. అమ్మకు స్పృహ వచ్చాక అడగండి. అడగడానికి మనిషే లేకపోతే, పెట్టకండి.

“అబ్బే, అలా ప్రతివాళ్లనీ అడుగుతూ కూర్చుంటే అయ్యే పనేనాండీ? ఎవరొప్పుకుంటారు?” అంటారు మీరు.

ఒప్పుకోరని మీకు ముందే తెలుసన్నమాట.